లారీవాడి కబురు

హెర్మెలిందా నోరు ఊరికే ఉండదు. కుస్కో పట్నం వెళ్లే బస్సులు ఆగే సందులోని ఆమె మందులకొట్టుకి సగంమంది మందుల కోసం వస్తే, మిగతా సగం ఆమె మాటల కోసం వస్తారు. ఆ రోజు సంత, కొట్టు నిండా జనం. వాళ్లను తోసుకుంటూ సాతుర్నినా బల్ల దగ్గరికొచ్చి, టోపీ కళ్లమీదికి లాక్కుని, మర్నాటి మాత్ర కావాలని గొణిగింది.

సాతుర్నినాకి మొగుడు పోయి చాలా ఏళ్లయింది. ఆమె కూతురు నెలిదాకి జ్ఞానతల్లి హెర్మెలిందాయే. ఆ పిల్ల జ్ఞానస్నానం రోజు నుంచీ ఇద్దరూ వదినా అంటే వదినా అనుకుంటారు. అలాంటిది, ఈ అవకాశం వదులుతుందా?

"ఏంటీ, కడుపు రాకుండా వేసుకునేదా?" అందరికీ వినపడేలా అడిగింది. "అమ్మ వదినా! చర్చిలో ముందువరసలో మోకరిల్లేది ఇందుకా? ఎవరా మహానుభావుడు? బంగాళాదుంపల లారీవాడేనా?"

కొట్టంతా గొల్లుమంది.

"చలికాలం కదా వదినా," అంది సాతుర్నినా. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "తొందరగా ఇవ్వు."

"ఇంకా తొందరే!" అని హెర్మెలిందా మాత్ర చేతిలో పెట్టింది.

నవ్వుతూనే గుమ్మంలోంచి చూసింది. ఎదుటి అరుగు మీద, తల్లి శాలువా నిండా కప్పుకుని నెలిదా కూర్చుంది. పెదవి వాచి ఉంది. తల్లి వెళ్లి మాత్ర విప్పి ఆ పిల్ల అరచేతిలో పెట్టింది.

హెర్మెలిందా నవ్వు ఆగిపోయింది. గ్లాసుతో నీళ్లు పట్టుకుని పరుగెత్తింది.

"మింగేశాను అత్తా," అంది నెలిదా, తలెత్తకుండా.

"నాతో ఒక్క మాట చెప్పకూడదా వదినా?"

"పొద్దున ఆసుపత్రిలో చెప్పాం. దీన్ని ఒకడు బలవంతం చేశాడన్నా వినలేదు. పోలీసు ఫిర్యాదు లేనిదే మాత్ర ఇవ్వం అన్నారు. నలుగురిలో నిలబెట్టి, ఏం చేశాడో దీని నోటితోనే చెప్పించారు. నీ దగ్గరైతే నన్ను చూసి నవ్వుతావు, అంతేగా అనుకున్నా."

హెర్మెలిందా సిగ్గుతో చచ్చిపోయింది. తన నోరు తనకే అసహ్యమనిపించింది.

కొట్లోంచి రొట్టెలమ్మే ముసలమ్మ కేకేసింది: "ఏమే, లారీవాడేనటా?"

అసలు సంగతి చెప్పి అందరి నోళ్లూ మూయించాలని హెర్మెలిందా వెనక్కి తిరిగింది. సాతుర్నినా ఆమె మణికట్టు పట్టుకుంది.

"లారీవాడేనని చెప్పు వదినా. నీకు దణ్ణం పెడతా."

హెర్మెలిందా లోపలికెళ్లి అలాగే చెప్పింది. అందరూ నవ్వారు. వాళ్లతో పాటు తనూ నవ్వాల్సి వచ్చింది.