కాసులమ్మ చోటు

పైడిబాబు పాదంతో కత్తిపీటను అదిమిపట్టి, పండుగప్పను రెండు చేతులా మొప్పల దగ్గర ఒక్క తోపు తోశాడు. తల వేరుపడింది. మోకాళ్లు పట్టేశాయి. ఏళ్ల తరబడి పడవలో నిలబడి వల లాగిన మనిషికి ఇలా ముడుచుకుని కూర్చోవడం ఇంకా అలవాటు కాలేదు.

బతు బస్తీ చేపల బజారులో ఆ వరసంతా ఆడవాళ్లదే. మగవాడు సముద్రంలో పట్టాలి, ఆడది ఒడ్డున అమ్మాలి. తెలుగు జాలర్లు ఈ ద్వీపాలకు వచ్చి తరాలు గడిచినా వాళ్లలో ఆ పద్ధతి మారలేదు. అతను వచ్చి కూర్చున్ననాడు వరసంతా నవ్వింది. పడవలో తోటివాళ్లయితే ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నవ్వుకోనీ అనుకున్నాడు. ఇది అతని భార్య కాసులమ్మ చోటు.

లక్షమందిలో ఏ ఒకరిద్దరికో వచ్చే నరాల జబ్బు వెతుక్కుంటూ వచ్చి ఆమెనే పట్టుకుంది. ముందు వేళ్లు పడిపోయాయి, తర్వాత కాళ్లు, ఆపైన నాలుక. బజారంతా వినబడే గొంతు పోయినా బుర్ర మాత్రం చెక్కుచెదరలేదు. చోటు పరాయివాళ్లకు పోతుందేమోనన్నదే ఆమె బెంగ. అమ్మేవాళ్ల వరసకు పెద్దదైన తాతమ్మ మాత్రం, మగాడు నిలబడతాడో లేదో చూసి చెబుతానంది. ఎదుటి పీట మీంచి ఇప్పుడు చూస్తూనే ఉంది.

పండుగప్ప కొన్న బెంగాలీ ఆవిడ సంచి తెరిచి చూసుకుంది.

"భయ్యా, సిర్ కిధర్ హై?"

తల ఏదని అడుగుతోంది. పడవలోనైతే చేప తల, వల లాగినవాడి కూరకు పోతుంది. ఆ అలవాటున పైడిబాబు తలను తన గిన్నెలో వేసుకున్నాడు. బెంగాలీలకేమో తలే ముఖ్యం, రెండుగా చీల్చి ముక్కల మీద కనబడేలా పెట్టమని మాట ఉన్నప్పుడు కాసులమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. వరసంతా ఇటే చూసింది.

"గల్తీ నాదే దీదీ."

తల చీల్చి సంచిలో పెట్టాడు. ఇంటి కూరకని దాచుకున్న చేప కూడా దాని పక్కనే పెట్టాడు. ఆవిడ సంచి ఎత్తుకుని వెళ్లింది.

తాతమ్మ నోట్లో ఆకు పక్కకు నెట్టింది. "నీ ఆడదీ ఇంతే. తప్పు జరిగితే తన కూర సేపే ఇచ్చీసేది. సోటు మీదేరా. నానన్నానని దానికి సెప్పు."

పైడిబాబు చేతులు సరిగా కడుక్కోకుండానే ఇంటికి పరుగెత్తాడు. కూతురు పద్మిని తల్లికి ఉగ్గుగిన్నెతో గంజి పడుతోంది.

"ఏటే, తాతమ్మత్త ఒప్పీసుకుంది. సోటు మనదే." తల సంగతి కూడా దాచకుండా చెప్పాడు. కాసులమ్మ ఒళ్లు కదల్లేదు గానీ కళ్లు నవ్వాయి. పాత రోజుల్లో బేరం గెలిచినప్పటి నవ్వు అది. కాసేపటికి కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాడు.

పద్మిని గిన్నె మళ్లీ పెదవుల దగ్గర పెట్టింది. గంజి చెంప మీదికి జారింది.

"నాన్నా," అంది మెల్లగా.

కబురు తెలిసి వరసంతా కత్తిపీటలు వాల్చేసి, కాళ్లకు పొలుసులతోనే వచ్చేసింది. పైడిబాబు అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చాడు. తాతమ్మ అతని భుజం మీద చెయ్యి వేస్తే తలెత్తాడు.

"నా ఆడది ఆకరిదాకా బజారు ఒదల్లేదత్తా," అన్నాడు. ఆ ఏడుపులోనూ మాట గర్వంగానే పలికింది.

కిటికీ గట్టు మీద ఉగ్గుగిన్నె అలాగే ఉంది, పద్మినికి పసితనంలో కాసులమ్మ పాలు పట్టిన గిన్నే అది, అడుగున ఇంకా రెండు గుక్కల గంజితో.