రోజారుమ్ మింగిన కానియో

ఇటలీలో ఎవర్నడిగినా లాటిన్ మా తాతల ఆస్తి అంటారు. ఆ ఆస్తి మా కొండ ఊరి బడిలో మధ్యాహ్నం పూట, ఇష్టమున్నవాళ్ళకి మాత్రమే పంచుతాను నేను. పన్నెండేళ్ళ పిల్లలకి భోజనం తర్వాత లాటిన్ మీద ఎంత ఇష్టముంటుందో వేరే చెప్పాలా? కింద ఆవరణలో బంతి, పైన నేను. అయినా ఆ ఒక్క క్లాసూ నా ప్రాణం.

ఆ ప్రాణం తీయడానికే ప్రిన్సిపల్ తెలెస్కా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. "పిల్లలకి ఏ కాస్త వచ్చినా సరే, అస్సుంతా గారూ. లేదంటే వచ్చే నెల నుంచి ఈ గంట కంప్యూటర్లకి ఇచ్చేస్తా" అని ముందే చెప్పాడు.

సరేనని, ఇన్నాళ్ళూ రుబ్బిందే అడిగాను. లాటిన్‌లో గులాబీని 'రోజా' అంటారు. రోజే, రోజామ్, రోజారుమ్ అంటూ ఆ మాట రూపాలన్నీ వరసగా అప్పజెప్పాలి, అంతే. హాజరుపట్టీ మీద నా వేలు కిందికి జారుతోంది. తన పేరు రాకూడదని కానియో బల్ల కింద చూపుడువేలూ చిటికెనవేలూ కొమ్ముల్లా చాచాడు, కీడు తప్పడానికి మా ఊళ్ళో అలాగే పెడతారు. నాకు కనబడదనుకున్నాడు వెధవ! వాడి పేరు దగ్గరే ఆపాను.

"రోజా... రోజే..." వాడు నీళ్ళు నమిలాడు.

"తర్వాత?"

"తర్వాత... కడుపులో నొప్పి, టీచర్."

ఇంకొరొనాతాను లేపాను. బడి మొత్తానికీ వాగుడుకాయ అది. దాని నోరూ పెగల్లేదు.

ప్రిన్సిపల్ పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. గంట కొట్టగానే ఆ కడుపునొప్పివాడే అందరికంటే ముందు మెట్లు దూకాడు.

"మీ తప్పేం లేదండీ" అన్నాడు ప్రిన్సిపల్ నాతోపాటు దిగుతూ. "చచ్చిన భాష. ఈ కాలం పిల్లల నోట ఎలా పలుకుతుంది?"

కింద పిల్లలు గుండ్రంగా నిలబడి పంటలేసుకుంటున్నారు. గోల్‌లో నిలబడటానికి ఎవడూ ఒప్పుకోడు. చివరి మాట ఎవరి మీద పడితే వాళ్ళే కాపలా. కానియో ఒక్కొక్కరి మీదా వేలు పెడుతూ గడగడా చదువుతున్నాడు. "రోజా, రోజే, రోజే, రోజామ్..."

నేను మెట్టు మీదే ఆగిపోయాను.

"తొండి!" ఇంకొరొనాతా గావుకేక పెట్టింది. "రోజారుమ్ మింగేశాడు!"

"ఏం మింగలేదు, చెప్పా!"

"నీ మొహం! నీ మీద పడుతుందని మింగావురా, దొంగ సచ్చినోడా! మళ్ళీ పట్టండ్రా!"

అందరూ ఒక్క గొంతుతో మొదట్నుంచి చివరిదాకా అప్పజెప్పారు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. చివరి మాట కానియో నెత్తినే పడింది.

"మరి ఇందాక పైన నోట్లో ఏం పెట్టుకున్నార్రా?" ప్రిన్సిపల్ అరిచాడు.

ఇంకొరొనాతా చిరాగ్గా వెనక్కి తిరిగింది. "ఇందాక అడిగింది లాటిన్ సార్. ఇవి పంటలు!"

నా క్లాసు నాకు మిగిలింది. పక్క సెక్షన్ వాళ్ళు కూడా వచ్చి చేరారు. పంట చదవడం రానివాణ్ణి రోజూ గోల్‌లోనే నిలబెడుతున్నారట. కానియో ఇప్పుడు ముందు బెంచీలో కూర్చుంటున్నాడు.