ఐవీ రక్తంలో నాలుగు

సీసం కరిగించే ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన నోలీన్ షిర్మర్ ఏదీ తేలిగ్గా నమ్మే మనిషి కాదు. పసిపిల్లల రక్తంలో సీసం ఎంతుందో కొలవడం ఇరవై రెండేళ్ళుగా ఆమె పని. ఎవరైనా శుభవార్త తెస్తే ముందు వాళ్ళ మొహం చూస్తుంది.

మంగళవారం వచ్చిన శుభవార్త, ఏడాదిన్నర వయసున్న ఐవీ రక్తంలో సీసం నాలుగేనని. ఐదు దాటకపోతే భయం లేదంటారు. మూడు నెలల క్రితం అది ఇరవై ఒకటి. ఎముకల దాకా చేరిన సీసం అంత తొందరగా ఎక్కడికి పోతుంది? నోలీన్ ఆ మాట అనేలోపే, ల్యాబులో కొత్తగా చేరిన రీస్, ఐవీ తల్లి టెగన్‌కు ఫోన్ చేసి చెప్పేశాడు. ఆవిడ సంతోషం పట్టలేక ఏడ్చిందట. పాపం, మూడు నెలలుగా కిటికీలు మూసుకుని, పూటపూటా తడిగుడ్డతో నేల తుడుస్తూ, పిల్లను సీసం దుమ్ము పడ్డ పెరట్లోకి దిగనివ్వలేదు.

రక్తం తీసేటప్పుడు ఇంట్లో ఇంకెవరున్నారని నోలీన్ ఆరా తీసింది. అడిలైడ్ నుంచి వచ్చిన టెగన్ చెల్లెలూ, ఆమె పాపా ఉన్నారన్నాడు రీస్. ఇద్దరు పిల్లలదీ ఒకే ఈడు, ఒకే ఎర్రజుట్టు. టెగన్ ఒళ్ళో ఉన్న పిల్ల వేలికే సూది గుచ్చానన్నాడు.

ఇంకేం, దొంగ దొరికిపోయిందనుకుంది నోలీన్, ఐవీ బదులు చెల్లెలి కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉంటుంది. అంకె తగ్గకపోతే ఊరు వదలాల్సి వస్తుంది, టెగన్ మొగుడి ఉద్యోగమేమో ఇక్కడి కార్ఖానాలో. వెంటనే ఫోన్ చేసి, సూది గుచ్చింది ఏ పిల్లకని టెగన్‌ను మొహమాటం లేకుండా అడిగేసింది. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

"చూశావా, తప్పు చేసినవాళ్ళే ఇలా పెట్టేస్తారు" అంది.

"అద్దంలో కనబడే మనిషిని కూడా గుర్తింపు కార్డు చూపించమనేలా ఉన్నారు మీరు" అన్నాడు రీస్.

బుధవారం పొద్దున్నే రుజువు వెతకడానికి కూర్చుంది. రక్తాన్ని ఆవిరి చేసే ప్లాస్మా మంటలోకి వెళ్ళిన ప్రతి బొట్టులోనూ సీసంతో పాటు మిగతా లోహాలనూ యంత్రం రాసిపెడుతుంది. ఐవీ పాత లెక్క పక్కన పెట్టుకుని చూస్తే ఇనుము దగ్గర కన్ను ఆగింది. ఉండాల్సిన దానిలో ఐదో వంతే ఉంది. అంత తక్కువ ఇనుముతో ఏ పిల్లా బతికి ఉండదు. అంటే రక్తం ఎవరిదైనా, బొట్టు పూర్తిగా మంటలోకి చేరలేదు.

అనుమానం రీస్ మీదికి మళ్ళింది. రక్తం లాగే సన్నగొట్టంలో గాలిబుడగ వదిలేశాడా? వదిలితే రోడియం పట్టివ్వాలి కదా. రక్తంలో ఉండని ఆ లోహాన్ని ప్రతి బొట్టులోనూ కొలత ప్రకారం కాస్త కలుపుతారు. బొట్టు తగ్గితే అదీ తగ్గుతుంది. ఇక్కడ మాత్రం నిండుగా ఉంది.

గొట్టాలు తడుముకుంటూ యంత్రం వెనక్కి వెళ్ళి చూసింది. రోడియం రెండో గొట్టంలోంచి విడిగా వస్తోంది. వేలి నుంచి తీసే రక్తమే చుక్కంత, దాన్ని ఇంకా పలచన చేయకూడదని శుక్రవారం ఆ గొట్టం బిగించింది తనే. రక్తం వచ్చినా రాకున్నా రోడియం నిండుగానే వస్తుంది. కాపలా కుక్కను తీసుకెళ్ళి పక్కింటి గుమ్మానికి కట్టినట్టయింది. ఇరవై రెండేళ్ళలో ఆమె అనుమానించని మనిషి ఒక్కతే, తను.

మిగిలిన రక్తం ఒక్కసారికే సరిపోతుంది. రోడియం అందులోనే కలిపి, బుడగ లేదని రెండుసార్లు చూసుకుని పంపింది. ఇనుము నిండుగా వచ్చింది. సీసం ఇరవై. అడిలైడ్ పిల్ల రక్తంలో అంత సీసం ఉండదు.

ఫోన్‌లో చెప్పడానికి మొహం చెల్లక టెగన్ ఇంటికి వెళ్ళింది. ఐవీ పెరట్లో కూర్చుని గుప్పిళ్ళతో మట్టి ఎత్తి డబ్బాలో పోస్తోంది. మూతి చుట్టూ మట్టే. మెట్టు మీద టీ తాగుతున్న టెగన్ లేవలేదు.

"ఎవరి రక్తమో తేలిందా?"

"ఐవీదే. తప్పు నాది టెగన్. నాలుగు కాదు, ఇరవై."

టెగన్ కప్పు కింద పెట్టింది.

"నిన్నంతా మట్టిలోనే ఉంది. లోపలికి తెస్తే ఒకటే ఏడుపు. బాగుందన్నారు కదా అని ఇవాళ కూడా నేనే వదిలాను."

నోలీన్ సిగ్గుతో చచ్చిపోయింది.

"కుళాయి అటు పక్కనుంది" అంది టెగన్. "మీరే కడగండి. నావల్ల కాదు."

నోలీన్ పిల్లను ఎత్తుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. ఐవీ గుప్పిట విప్పనంటూ గింజుకుని ఏడ్చింది. ఒక్కొక్క వేలే విప్పి సబ్బుతో రుద్దింది నోలీన్. సరిగ్గా కడుగుతోందో లేదోనని టెగన్ మెట్టు దిగి వచ్చి, పక్కనే నిలబడి చూస్తోంది.