ఏ నంబరు, బావా?

గల్ఫ్‌ల మెసయీద్ సైట్‌ల మరుగుదొడ్డి గోడకు ఒక చార్ట్ అంటించి ఉన్నది. ఒకటి నుంచి ఎనిమిది దాకా మూత్రం రంగులు. ఒకటంటే మంచినీళ్ల లెక్క, ఎనిమిదంటే పాలు లేని సులేమానీ చాయ్ లెక్క. ఎండకాలం డ్యూటీ ఎక్కేముందు ఎవని రంగు వాడు సూసుకొని ఫోర్‌మన్ ఇక్రాముద్దీన్‌కు నంబరు చెప్పాలె. నాలుగు దాటితే ఆ పూట పని లేదు, నీడకు కూసుండి నీళ్లు తాగుడే. మంచి రూలే, ఎవడు కాదంటడు? కానీ ఒకడు కూసుంటే వాని ఇనుము మోసేది మిగిలినోళ్లే. అందుకని ఆ గ్యాంగ్‌ల ఏండ్ల సంది అందరిదీ ఒక్కటే నంబరు, రెండు. అది దొంగ నంబరని అందరికెరుకే, ఎవ్వనికీ నోరు లేవది.

సురేందర్ గూడ మూడేండ్ల సంది రెండే చెప్తున్నడు. ఈసారి సెలవుకు పోయి బామ్మర్ది తిరుమల్‌ను ఎంబడి తెచ్చుకున్నడు. "మా తమ్మున్ని నీ చేతుల వెడుతున్న" అని పెండ్లాం స్వర్ణ ఎయిర్‌పోర్టుల ఏడ్చింది. "నేను లేనా, నీకెందుకే రంది" అని పెద్ద మొనగాని తీర్గ చెప్పి వచ్చిండు.

పన్నెండో రోజు పొద్దున తిరుమల్ ఏం జేసిండంటే, ఖాళీ నీళ్ల సీసల ఉచ్చ పట్టుకొచ్చి చార్ట్ పక్కకు వెట్టి నిలవడ్డడు. కొత్తోడు గదా, సిగ్గూ శరం ఎక్కడిది!

"బావా, రాత్రి సంది వాంతికొస్తున్నది. ఇది ఏ నంబరు?"

గ్యాంగంతా పక్కున నవ్వింది. అందరికన్న పెద్దోడు బుచ్చన్న సూసీ సూడనట్టు సూసి, "రెండు" అన్నడు.

"రెండేలేబ్బా, ఈ లైటుకు అట్ల కనపడ్తాది" అన్నడు కడప ఓబులేసు.

"రెండే. నడువుండ్రి, యల్లా" అన్నడు గంగాప్రసాద్.

సురేందర్ సూసిండు. ఆరు. కండ్లు నులుముకొని మల్ల సూసిండు. ఆరే. కానీ ముగ్గురికి ముగ్గురూ రెండంటుంటే పానం అటూ ఇటూ గుంజింది. బుచ్చన్న ఇరవై ఏండ్ల సంది గల్ఫ్‌ల ఉన్నడు, ఆయనకు తెల్వదా? నిజంగనే లైటు మోసమేమో. పైంగ ఇప్పుడు ఆరంటే వీళ్లంతా అబద్ధాలోళ్లయితరు, తను సుత. అందరూ తన దిక్కే సూస్తున్నరు.

"రెండే తియ్" అన్నడు. అన్నంక ఆ రంగు జర తేలికైనట్టే కొట్టింది. థూ, మనిషి కండ్లు గింత అగ్గువనా!

తిరుమల్ నవ్వుకుంట సీస పారవోసి, పోయి "దో నంబర్" అని చెప్పి పనిల దిగిండు. పదకొండు గాకముందే సలాకల కట్ట భుజం మీదుండంగనే కూలవడ్డడు.

ఆరు రోజులకు గాని సురేందర్‌ను దవఖానల లోపటికి రానియ్యలే. కిడ్నీలు పనిజేస్తలేవట, మిషిను మీద రక్తం కడుగుతున్నరు. మల్ల ఎన్నడన్న పనిజేస్తయా అంటే డాక్టర్ తల అడ్డంగ గాదు, నిలువుగ గాదు, ఊరికె ఊపిండు. తిరుమల్ మొకం ఉబ్బి కండ్లు సన్నగయినయి.

"బావా, నాది రెండో నంబరే గదా. మరి గిట్లెందుకైంది?"

సురేందర్‌కు ఏడుపు ఆగలే. "ఆరున్నదిరా. నేను సూసిన. అందరు రెండన్నరని నేను గూడ అన్న."

తిరుమల్ మిషిను దిక్కే సూసుకుంట పండుకున్నడు.

"నేను అందర్ని అడగలే బావా" అన్నడు. "నిన్నడిగిన."