కదలిక తక్కువ

ఉడికిన గుడ్లలో తెల్లసొనలు ఆయనకు, పచ్చసొనలు నాకు. కువైట్‌లో, రిగ్గైలోని మా ఫ్లాట్‌లో ఏడాదిగా పొద్దున్నపూట పంపకం ఇదే. నా భర్త వీరేంద్ర జిమ్‌లో చేరినప్పటి నుంచి తెల్లసొన ప్రోటీను అయింది, పచ్చసొన కొవ్వు అయింది. పారేయడానికి మనసొప్పక ఆ పచ్చసొనలు పులుసులో వేసుకుని నేనే తింటున్నాను. గురువారం నేను స్కూలుకు తయారవుతుంటే నడుము వైపు చూసి, "ఒళ్ళొచ్చింది పద్మా నీకు. నీక్కూడా లెక్క కట్టాలి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

లెక్క కట్టేదే నేను. ఆయనకు భాగహారమంటే బద్ధకం. రోజుకు రెండువేల నాలుగొందల క్యాలరీలు. అందులో ముప్పై శాతం ప్రోటీను, నలభై పిండిపదార్థం, ముప్పై కొవ్వు. ప్రోటీను, పిండి గ్రాముకు నాలుగేసి క్యాలరీలు, కొవ్వుకు తొమ్మిది. అలా భాగించి నూటఎనభై, రెండొందల నలభై, ఎనభై గ్రాములని తేల్చింది నేను. చికెన్ తూచేది నేను, వండేది నేను, ఆ త్రాసు కడిగేదీ నేనే. అమలాపురం నుంచి మా అత్తగారు సుబ్బాయమ్మ వీడియోలో కొడుకును చూసి, "కండ పట్టేడమ్మా మావోడు, ఎంత కష్టపడతన్నాడో" అని మురిసిపోతుంది. వండే చెయ్యి వీడియోలో కనపడదు కదా.

శుక్రవారం నేను ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే, సోఫాలో పడుకుని ఫోన్‌లో క్యాలరీల యాప్ తెరిచి నా ఎత్తు, బరువు కొట్టాడు.

"రోజువారీ కదలిక ఎంతంట? తక్కువ అని పెడతన్నా."

"తక్కువేంటండి?"

"మరేంటి? స్కూల్లో పిల్లల్నాడించడం, ఇంట్లో వంట. అంతేగా."

అంతేనట. నర్సరీ పిల్లల వెనక పొద్దంతా పరిగెత్తడం, వాళ్ళ ముక్కులు, మూతులు తుడవడం, లిఫ్టు పనిచెయ్యకపోతే బియ్యం బస్తాతో మెట్లెక్కడం, అంతే. ఆయన సబ్హాన్ పారిశ్రామికవాడలోని గోడౌన్‌లో, ఏసీ గదిలో కుర్చీకి అతుక్కుని బిల్లులు చూసి, సాయంత్రం గంటసేపు జిమ్‌కెళ్ళి, తన పేరు కింద పెట్టుకున్నది 'చాలా ఎక్కువ'.

నాకు పదమూడొందలు వచ్చింది. "అన్నం తగ్గించెయ్, ఖలాస్" అన్నాడు. మొన్నామధ్య కళ్ళు తిరిగి స్కూలు మెట్ల మీద కూలబడ్డానని చెబితే, "నువ్వు నీళ్ళు తాగవు" అన్న మనిషే ఈయన. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అయినా ఆయన్నని ఏం లాభం? నాకెంత ఆకలో నాకైనా తెలుసా? గిన్నెలో మిగిలిందే నా ఆకలి అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. ఆ ఆలోచనతో చొక్కా కాలబోయింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఆయన చేతిలోంచి ఫోను లాక్కున్నాను. 'తక్కువ' తీసేసి 'చాలా ఎక్కువ' పెట్టాను. అంకె రెండువేలకు దగ్గరైంది.

"అదేంటి, పెంచేసేవ్?"

"పెంచలేదండి. ఉన్నదే పెట్టాను."

మర్నాడు పొద్దున్న మూడు గుడ్లు ఉడకబెట్టి, మిరియాలపొడి చల్లుకుని, బల్ల దగ్గర కూర్చున్నాను. తెల్లసొనతో పచ్చసొన కలిపి తిని ఎన్నాళ్ళయిందో. ఆయన వచ్చి ఖాళీగా ఉన్న తన కంచం వైపు చూశాడు.

"నా గుడ్లేయి?"

"ఫ్రిజ్‌లో ఉన్నాయండి" అన్నాను, నమలడం ఆపకుండా. "ఉడకబెట్టుకోండి. అదెంత కదలికో మీకూ తెలుస్తుంది."