తడి చెయ్యి

మా అన్న గిరీశ్ మా ఆయన పాండును మొదటి దెబ్బ చెరుకుగడతో కొట్టాడు. గడ విరిగింది. విరిగిన ముక్కతోనే రెండోది కొట్టాడు. పాండు కనుబొమ్మ చిట్లి నెత్తురు కంట్లోకి కారింది. పొయ్యిలోకి చెరుకుపిప్పి తోస్తున్న నేను చేతిలో కర్ర పారేసి పరిగెత్తాను.

"చెప్పురా! కడాయి నిండ రసం పోసినం. ఇప్పుడు అడుగున గింతే ఉంది. ఏడికి తోలినవ్?"

"నేనేడికి తోల్త బావా? ఆవిరైంది."

"గంత ఆవిరైతదా? నన్ను ఎడ్డోన్ని చేస్తున్నవా?"

న్యాల్‌కల్ దారిలో మా అన్నకు చెరుకుతోట ఉంది, దాని పక్కనే బెల్లం బట్టీ. నాన్న పోయాక రెండూ అన్నవే. బట్టీలో వంట మాత్రం మా ఆయనది. రసం మరిగి మరిగి నీళ్లన్నీ గాలిలో కలిసిపోతే, పోలేక మిగిలిన తీపే బెల్లం. ఈ సంగతి అన్నకు తెలియక కాదు. ఈ ఏడు వానలు చివరిదాకా పడ్డాయి. అవి చాలనట్టు గడ బరువెక్కాలని నరికే ముందు వారం కూడా తనే మోటారు పెట్టి నీళ్లు పారించాడు. గడ లావెక్కింది, రసం పలచబడింది. నీళ్లు ఎక్కువున్న రసంలో ఎగిరిపోయేది ఎక్కువ, మిగిలే ముద్దలు తక్కువ. పాండు ఈ మాట మొదటి రోజే చెప్పాడు. కానీ మా అన్నకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఎవరి మాటా చెవికెక్కనివ్వదు. రోజూ తగ్గుతున్న ముద్దల వరుసను చూసి చూసి, ఇవాళ దొంగ మా ఆయనేనని తేల్చేశాడు.

పాండుకు గుంటెడు భూమి లేదు. ఉన్నదల్లా ఆ చెయ్యే. పాకం ఎప్పుడు దించాలో ఆ వేళ్లకు తెలుసని మొగుడంపల్లి దాకా పిలిచి పని ఇస్తారు. దొంగ అన్న పేరు పడితే ఇక ఏ బట్టీవాడూ దగ్గరికి రానివ్వడు. నేను పుట్టింట్లోనే దొంగ పెళ్లాన్నవుతాను. అటు అన్న, ఇటు మొగుడు. నా బతుకు అడకత్తెరలో పోకచెక్క.

"నీళ్లకుండకు చుట్టిన తడిగుడ్డ దినాం ఆరుతలేదా?" అన్నాడు పాండు కన్ను తుడుచుకుంటూ. "ఆ నీళ్లు గూడ నేనే తాగిన్నా బావా?"

ఆ మాటకు అన్న అతన్ని కడుపులో తన్నాడు. అడ్డం వచ్చిన గానుగ దగ్గరి ముసలాయన సిద్దప్పను పిప్పి కుప్ప మీదికి నెట్టేశాడు. నేను చొక్కా పట్టి లాగితే నా చెంప మీద ఒకటిచ్చాడు. నేనూ తిరిగి ఇచ్చాను. చిన్నప్పటి నుంచి మా ఇద్దరి మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు ఇలాగే ఉండేవి.

"సత్తెం తేలాలె," అన్నాడు రొప్పుతూ. "కడాయిల చెయ్యి పెట్టు. పిడికెడు పాకం తియ్యి. దొంగవు కాకపోతే కాలదు."

కడాయిలో పాకం చిక్కబడి, బుడగలు లేచి పగులుతున్నాయి. పాండు రోజూ రెండు వేళ్లతో పాకం చూస్తాడు, నిజమే. రెండు వేళ్లు వేరు, పిడికెడు వేరు.

"వద్దయ్యా, పోదాం పా. ఈ బట్టీ ముఖం మళ్ల చూడొద్దు," అన్నాను.

"పోతే దొంగనైత రాణీ."

కడాయి పక్కనే నీళ్లతొట్టి ఉంటుంది. పాండు కుడిచెయ్యి మోచేతి దాకా అందులో ముంచాడు. నీళ్లు కారుతున్న చెయ్యి అట్లాగే కడాయిలోకి, పిడికిలితో మళ్లీ తొట్టిలోకి. నడుమ ఎక్కడా ఆగలేదు. పిడికిలి విప్పితే అరచేతిలో మెత్తటి పాకం ముద్ద. చెయ్యి ఎర్రబడింది, తోలు మాత్రం చెక్కుచెదరలేదు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

సిద్దప్ప కుప్ప మీంచి లేస్తూ, "తేలింది గిరీశ్. ఇగ ఇడిసిపెట్టు," అన్నాడు.

పనివాళ్లు కేకలు వేశారు. ఆ కేకలే మా అన్నను కాల్చాయి.

"ఏం తేలింది? దీంట్ల సత్తెమేముంది?" అని అరిచాడు. "తడి చెయ్యి ఎవడిదైనా కాలదు. చేతికున్న నీళ్లు ఆవిరై అడ్డం నిలబడుతయ్, గా రెప్పపాటు తోలుకు వేడి తగలనియ్యయ్. మా నాయిన నాకు ఎన్నడో చెప్పిండు. సూడున్రి, నేను గూడ తీస్త."

ఆ పూట మా అన్న నోట వచ్చిన నిజం అదొక్కటే. తొట్టిలో చెయ్యి ముంచి పైకి తీశాడు. అంతటితో కడాయిలో పెడితే అయిపోయేది. కానీ పొయ్యికి వీపు పెట్టి, చెయ్యి ఎత్తి, పనివాళ్ల వైపు తిరిగి ఉపన్యాసం మొదలుపెట్టాడు. భూమి లేనోనికి చెల్లెనిచ్చిన పాపం, తిన్నింటి వాసాలు లెక్కపెట్టే బుద్ధి, తన మంచితనం, ఒకటేమిటి, అన్నీ.

బయట మార్చి ఎండ. పొలం మీంచి పొడిగాలి కొడుతోంది, వెనక పొయ్యి మండుతోంది. అక్కడ నా కొంగు తడిస్తే పిండుకునే పని కూడా ఉండదు. అన్న వేళ్ల నుంచి బొట్లు పడ్డాయి, తర్వాత ఆగిపోయాయి. ముంజేతికి అంటుకుపోయిన వెంట్రుకలు ఒక్కొక్కటిగా లేచి నిలబడ్డాయి.

"అన్నా, చెయ్యి ఆరింది! మళ్ల ముంచు!"

"నోర్ముయ్! మొగని దిక్కు మాట్లాడుతున్నవ్!" అంటూ మణికట్టు దాకా కడాయిలో దించాడు.

ఆ అరుపు మనిషిదంటే ఎవరూ నమ్మరు. చెయ్యి బయటికి వచ్చింది కానీ పాకం దాన్ని వదల్లేదు. విదిలించాడు, ఎడమచేత్తో గీకబోయాడు, ఆ వేళ్లూ కాలాయి. పాండు వెనక నుంచి వాటేసి ఆ చెయ్యి తొట్టిలోకి తోసి, కదలకుండా పట్టుకున్నాడు. అన్న తన్నాడు, భుజం కొరికాడు. పాండు పట్టు వదల్లేదు. నీళ్లలో బెల్లం గట్టిపడి పెళ్లగా ఊడింది, దానితో పాటు అరచేతి తోలూ వచ్చింది.

సిద్దప్ప ట్రాక్టరు తీశాడు. ట్రాలీలో పాండు ఒళ్లో అన్న తల. చేతి మీద తడిగుడ్డ కప్పి, సీసాలో నీళ్లు పోస్తూ కూర్చున్నాను. ముంబయి రోడ్డెక్కాక లారీల గాలికి గుడ్డ ఊరికే ఆరిపోతోంది. కొట్టినవాడి మీద కోపం పోలేదు నాకు. అయినా తడుపుతూనే ఉన్నాను.

జహీరాబాద్ దగ్గర పడుతుండగా అన్న కళ్లు తెరిచాడు.

"చెల్లె, నేను ముంచిన గద," అన్నాడు పసిపిల్లాడిలా వెక్కుతూ. "అందరు సూసిన్రు గద. నీళ్లు ఏడికి పోయినయ్?"

పాండు కనుబొమ్మ మీద నెత్తురు ఎండి నల్లబడింది. జవాబు నేనే చెప్పాను.

"ఎవ్వరు ఎత్తుకపోలేదన్నా. ఆవిరైనయ్."

అన్న కాలిన వేళ్లతోనే, ఎడమచేత్తో పాండు చొక్కా పట్టుకున్నాడు. దవాఖాన వచ్చేదాకా వదల్లేదు.