వేషంలో మిగిలిపోయినవాడు

ఒలెగారియో నటించడం లేదేమో అన్న అనుమానం హేబర్‌కి కుక్క మాట దగ్గర వచ్చింది.

తక్వరెంబో ఊరి క్లబ్బు హాల్లో వారం రోజుల శిక్షణ అది. పల్లెల్లో ఒంటరిగా బతికే మగవాళ్ల ఇళ్లకు వెళ్లి మాట్లాడాలి, అవసరమైతే ఆసుపత్రి దాకా తోడు వెళ్లాలి. నేర్పే మిర్తా మేడమ్ రాజధాని నుంచి వచ్చింది. చావాలనుకున్నవాళ్లు ప్రాణంగా చూసుకునేవి ముందే ఎవరికో అప్పగిస్తారని మొదటి రోజే చెప్పింది. చావాలనుందా అని మనిషిని సూటిగా అడగాలంటుంది. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదట. హేబర్‌కి ఆ మాట మీద నమ్మకం లేదు. ఇన్నేళ్లు దాణా కొట్లో కూర్చున్నాడు. ఈ చుట్టుపక్కల మగవాణ్ణి వానల గురించీ పశువుల గురించీ అడుగుతారు, అంతకు మించి అడగరు.

ఆ పొద్దున ఇద్దరిద్దరుగా సాధన. గొర్రెల బొచ్చు కత్తిరించే పని మానేసి ఇంట్లో కూర్చున్న ముసలి ఒలెగారియో ఆ బృందంలో అందరినీ నవ్వించే మనిషి. భార్య పోయిన రైతు వేషం వేశాడు. హేబర్‌ది పరామర్శకు వచ్చినవాడి వేషం.

"కుక్కని పక్కింటివాళ్లకి ఇచ్చేశాను. అక్కడ పిల్లలున్నారు, దానికి కాలక్షేపం" అన్నాడు ఒలెగారియో.

అందరూ చప్పట్లు కొట్టారు. హేబర్ మాత్రం గుమ్మం వైపు చూశాడు. రోజూ అక్కడ ముడుచుకుని పడుకునే ఒలెగారియో కుక్క ఇవాళ లేదు.

సాధన అయ్యాక లేచి నిలబడి, ఎవరి పేరు వాళ్లు చెప్పుకుని, రాత్రికి ఏం వండుకుంటారో చెప్పాలని మేడమ్ నియమం. వేషం వదలడానికట. ఒలెగారియో లేవకుండానే పేరు చెప్పాడు. వంట సంగతి అడిగితే, చూద్దాం అన్నాడు. జనం దానికీ నవ్వారు.

ఇది తనకు పెట్టిన పరీక్షేమో. మేడమే ముసలాయనకు ఆ మాటలు నేర్పి పంపిందేమో. లేక నాలుగు పాఠాలు వినేసరికి ప్రతి మొహంలోనూ రోగం కనబడుతోందా? హేబర్‌కి తన అనుమానం మీదే అనుమానం. అడిగి నవ్వులపాలవడం కంటే ఊరుకోవడం తేలిక. ఆ తేలికే అతన్ని భయపెట్టింది.

విరామంలో ఒలెగారియో గోడవారన ఒక్కడే కూర్చుని సొరబుర్రలో మాతే ఆకు కషాయం తాగుతున్నాడు.

"కుక్క ఏదన్నా?"

"చలికి ఇంట్లో పడుంది."

నిన్న ఇంతకంటే ఎక్కువ చలి.

"ఏరా, నా మీద సాధన చేస్తున్నావా? మేడమ్ దగ్గర మార్కులు కావాలా?"

హేబర్ చెవులు వేడెక్కాయి. నవ్వేసి లోపలికి పోవచ్చు. కాళ్లు అటే లాగాయి కూడా.

"మార్కులు పోతే పోయాయి. అన్నా, చచ్చిపోవాలనుందా నీకు?"

ఒలెగారియో సొరబుర్రలో వేడినీళ్లు పోసుకున్నాడు. తాగలేదు. హాల్లో ఎవరో కుర్చీలు జరుపుతున్నారు.

"ఎవరికి చెప్తావు?"

"మేడమ్‌కి. నీ ఎదురుగానే చెప్తాను, నీ వెనక కాదు."

"లోపల అంతమంది ఉన్నారు."

"వాళ్లు వెళ్లేదాకా ఇక్కడే ఉందాం."

ముసలాయన హేబర్ మొహంలో వెతికాడు, ఎక్కడైనా నటన దొరుకుతుందేమోనని. తర్వాత మెల్లగా తలూపాడు.

"ఉంది. పండక్కి ముందు నుంచీ" అన్నాడు.

అవునని చెప్పిన మనిషితో తర్వాత ఏం మాట్లాడాలో రేపటి పాఠం. హేబర్ పక్కన చతికిలబడ్డాడు.